“మేరీవిల్‌లో ఏమీ లేదు” అని రాసే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు

అమెరికాలో మేరీవిల్ అనే ఊళ్ళో ఉన్న నార్త్‌వెస్ట్ మిస్సోరి స్టేట్ యూనివర్సిటీలో చదువుతున్న, చదవడానికి బ్యాగులు సర్దుకుంటున్న తెలుగు విద్యార్థులందరికీ,

పోయిన నెల మన వాట్సాప్ గ్రూపులో ఒక అమ్మాయి “మేరీవిల్ ఎలా ఉంటుంది అన్నా?” అని అడిగింది. అడ్మిషన్ వచ్చింది, వీసా ఇంటర్వ్యూ డేటు కోసం చూస్తోంది. పది నిమిషాల్లో బోలెడు జవాబులు. “ఏమీ లేదు, వాల్‌మార్ట్ ఉంది.” “పొలాలు. వాటి పక్కన మళ్ళీ పొలాలు.” “ఊరు మొదలైంది అనుకునే లోపు అయిపోతుంది.” “రెండేళ్ళు కళ్ళు మూసుకుంటే డాలస్ వెళ్ళిపోవచ్చు.” ఒకడైతే ఖాళీ రోడ్డు ఫొటో పెట్టి, కింద నవ్వే బొమ్మలు వరసగా దించాడు.

నేనేమీ అనలేదు. అనడానికి మొహం లేదు. పదేళ్ళ క్రితం నేనూ ఇవే జవాబులు రాశాను, కొన్ని ఇంతకంటే ఘాటుగా. ఇప్పుడు సమాధానం గ్రూపులో పెడితే ఇద్దరు బొటనవేలు చూపించి కిందికి జరిపేస్తారు. అందుకే ఇలా అందరి ముందూ రాస్తున్నాను.

నాది నరసరావుపేట. నేను బయల్దేరినప్పుడు గుంటూరు జిల్లా, ఇప్పుడు పల్నాడు. 2014 జనవరిలో, స్ప్రింగ్ ఇన్‌టేక్‌లో వచ్చాను. కాన్సాస్ సిటీ ఎయిర్‌పోర్టు నుంచి సీనియర్ కారులో ఉత్తరంగా గంటన్నర. తెల్లటి మంచు, దాని మీద కోసేసిన మొక్కజొన్న మోళ్ళు. అయోవా సరిహద్దు ఇంకాస్త దూరంలోనే ఉంది. “ఊరు ఎప్పుడొస్తుంది?” అని నేను అడిగితే, “వచ్చేసింది రా, ఇదే” అన్నాడు.

2020 జనాభా లెక్కల ప్రకారం మేరీవిల్‌లో పది వేల ఆరు వందల పైచిలుకు మంది ఉన్నారు. మా నరసరావుపేటలో ఒక్క బస్టాండు చుట్టుపక్కలే అంతమంది ఉంటారు. అందుకని ఊరు చిన్నదన్న సంగతి మీరు నాకు చెప్పక్కర్లేదు. నేను రాస్తున్నది “ఏమీ లేదు” అన్న మాట గురించి.

నా పేరు మొదటిసారి పేపర్లో పడిన సంగతి చెబుతాను. ఆ ఏడాది చివర్లో కాన్సాస్ సిటీ నుంచి నెల సరుకులు తెస్తున్నాను. 71 నంబరు హైవే మీద మంచు కనపడకుండా గడ్డకట్టి ఉంది. కారు ఒక గుండ్రం తిరిగి రోడ్డు పక్క గుంటలోకి జారింది. తప్పు నాదే, మంచు మీద అలా గట్టిగా బ్రేకు తొక్కకూడదు. వెనక సీట్లో కందిపప్పు సంచీ పగిలి కారంతా పప్పే. ఐదు నిమిషాల్లో ఒక రైతు పికప్ ఆపి, గొలుసు తగిలించి లాగాడు. డబ్బులివ్వబోతే తీసుకోలేదు. పప్పు వైపు చూసి ఇదేం గింజ అని మాత్రం అడిగాడు. షెరిఫ్ ఆఫీసు మనిషి వచ్చి రిపోర్టు రాసుకున్నాడు.

తర్వాతి వారం బట్టలు ఉతుక్కునే చోట ఒక పెద్దావిడ నన్ను చూసి, “గుంటలో పడ్డ అబ్బాయివి నువ్వేనా? పేపర్లో చూశాను, దెబ్బలేం తగల్లేదుగా?” అంది. ఏ పేపరు అని అడిగాను. ఊళ్ళో పేపరుందన్న సంగతి అలా తెలిసింది నాకు, వచ్చిన పదకొండు నెలలకి! కొనుక్కుని చూశాను. నాలుగు లైన్లు. నా ఇంటిపేరు, అసలు పేరు అటూ ఇటూ అయ్యాయి, కానీ కారు మోడల్ సరిగ్గానే రాశారు. అదే పేజీలో తప్పిపోయిన కుక్క, చర్చిలో విందు, ఒక జంట యాభయ్యో పెళ్ళిరోజు, ఎవరో తాగి నడిపిన కేసు, సోయా ధర.

నాకు చప్పున మా ఇంటి వసారా గుర్తొచ్చింది. మన దగ్గర మెయిన్ పేపర్ని నాన్నలు తీసుకుంటే జిల్లా పేపరు మిగిలిన ఇల్లంతా చదివేది. ఏ మండలంలో బోరు పడింది, ఎవరి గేదె పిడుగుకి చనిపోయింది, ఏ బడిలో ఎవరికి ఫస్ట్ ర్యాంకు వచ్చింది, అన్నీ అందులోనే. వాటిని చదువుతూ పెరిగినవాళ్ళం ఇక్కడికొచ్చి, ఊరి పేపరు ఉందో లేదో కూడా కనుక్కోకుండా రెండేళ్ళు గడిపేస్తున్నాం.

కార్నెగీ సంగతి మరీ సిగ్గుచేటు. మా నాన్న బడిపంతులు, పక్కన నాలుగెకరాల మిరప. అలమరలో వ్యక్తిత్వ వికాస పుస్తకాల రచయిత డేల్ కార్నెగీ తెలుగు అనువాదాలు రెండుండేవి, అట్టలు ఊడిపోయి, దారంతో కుట్టినవి. నేనొచ్చిన రెండో ఏడాది ఫోన్‌లో, “ఒరే, కార్నెగీ మీ ఊరివాడే కదా, ఇల్లు చూశావా?” అన్నాడు. ఏ కార్నెగీ అని అడిగాను. నాన్న కాసేపు మాట్లాడలేదు.

ఆయన 1888 నవంబరులో మేరీవిల్‌లోనే పుట్టాడు. పేద రైతు కొడుకు. ఊరి తూర్పున పారే నది పేరు ‘వన్ హండ్రెడ్ అండ్ టూ’, అంటే నూట రెండు. పేరు వింటేనే నవ్వొస్తుంది కదా. ఆ నది ఏడేళ్ళలో ఆరేళ్ళు పొంగి తమ మొక్కజొన్ననీ గడ్డినీ ముంచేసేదని కార్నెగీ తనే రాసుకున్నాడు. పందులకి కలరా వచ్చి చచ్చిపోయేవి. అప్పు పెరిగింది. ఒకరోజు తండ్రి మేరీవిల్ బ్యాంకుకి వెళితే, తనఖా పొలం జప్తు చేస్తామన్నారు. తిరిగొస్తూ నూట రెండు నది వంతెన మీద గుర్రాల్ని ఆపి, బండి దిగి, చాలాసేపు నీళ్ళకేసి చూస్తూ నిలబడ్డాడట. దూకాలా వద్దా అని. దూకలేదు. భార్య దైవభక్తి వల్లే ఆగానని తర్వాత కొడుక్కి చెప్పాడు.

నాన్న ఆ పేజీ ఫోన్లోనే చదివి వినిపించాడు. మిరప రేటు పడిపోయిన ఏడాది మా వీధి చివర ఇంట్లో ఏం జరిగిందో మా ఇద్దరికీ తెలుసు. దాని గురించి ఆయన మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు.

మీరు మోజింగో చెరువుకి వెళతారు కదా, బార్బెక్యూకో ఫొటోలకో? ఊరి నుంచి తూర్పుగా వెళ్ళే ఆ దారిలో నూట రెండు నది దాటే వెళతారు. నేనూ ఎన్నోసార్లు దాటాను, పాటలు పెట్టుకుని. కార్నెగీ తండ్రి ఆగింది ఏ వంతెన మీదో నాకు తెలీదు, నది మాత్రం అదే. మోజింగో అసలు చెరువు కూడా కాదు, వాగుకి అడ్డుకట్ట కట్టి తయారుచేసిన వెయ్యి ఎకరాల జలాశయం. మీ కొళాయిలో నీళ్ళు అక్కడివే. ఎండాకాలం నాచు పెరిగితే నీళ్ళకి మట్టి వాసన వస్తుంది. ఆ వాసన ఎందుకొస్తుంది, ఊరు దానికి ఏం చేస్తోంది, ఎంత ఖర్చు పెడుతోంది అన్నది వాట్సాప్‌లో దొరకదు, పేపర్లోనే దొరుకుతుంది. మనవాళ్ళు మాత్రం బాటిళ్ళ కేసులు మోసుకొస్తూ తిట్టుకుంటారు.

క్యాంపస్ గురించైనా మనకి తెలుసా అంటే, అదీ అంతంత మాత్రమే. అడ్మినిస్ట్రేషన్ బిల్డింగ్ ముందు ఫొటో దిగని తెలుగువాడు లేడు. 1905లో టీచర్ల శిక్షణ బడిగా పెట్టిన సంస్థ ఇది. ఆ కోట లాంటి భవనం 1910లో పూర్తయింది. 1979 జులైలో సగానికి పైగా తగలబడిపోయింది. కాలేజీ ఇక లేస్తుందా అని ఊరు భయపడిన రోజులవి. లేచింది. 1987లో, అప్పటికి ఇంటర్నెట్ అంటే మామూలు జనానికి తెలియని కాలంలో, హాస్టల్ గదుల్లో కంప్యూటర్ టెర్మినళ్ళు పెట్టి, దేశంలో ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో మొట్టమొదటి ఎలక్ట్రానిక్ క్యాంపస్ అనిపించుకుంది. కంప్యూటర్ సైన్స్ చదవడానికే కదా మనం ఇక్కడికొస్తాం, ఆ ముక్క ఒక్క ఓరియంటేషన్‌లో వింటాం, అప్పుడు కూడా సిమ్ కార్డు ఎక్కడ దొరుకుతుందా అని ఆలోచిస్తుంటాం. 1980ల్లోనే ఈ కాలేజీ చెక్క ముక్కలు కాల్చి క్యాంపస్‌ని వెచ్చబెట్టడం మొదలుపెట్టింది. క్యాంపస్సంతా మిస్సోరి రాష్ట్ర అధికారిక వృక్షవనం కూడా. ‘కిస్సింగ్ బ్రిడ్జ్’ కథ మాత్రం ఎవరూ చెప్పకుండానే అందరికీ తెలిసిపోతుంది, అదేం చిత్రమో.

ఫుట్‌బాల్ సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే ఆ ఆట నాకిప్పటికీ సగమే అర్థమవుతుంది. 1994లో మన యూనివర్సిటీ జట్టుకి మెల్ చెర్డ్‌స్మా అనే కోచ్ వచ్చాడు. మొదటి సీజన్లో పదకొండు ఆటలు, పదకొండూ ఓటమి. 1998లో పదిహేనుకి పదిహేనూ గెలిచి డివిజన్ టూ, అంటే కాలేజీ ఆటల్లో రెండో శ్రేణి, జాతీయ టైటిల్ తెచ్చారు. ఆ తర్వాత 1999, 2009, 2013, 2015, 2016. 2015 ఫైనల్ కాన్సాస్ సిటీలోనే. ఆ రోజు ఊళ్ళో రోడ్డు మీద మనిషి లేడు. నేను గదిలో పడుకుని నిద్రపోయాను. అదే ఇండియా పాకిస్తాన్ మ్యాచ్ అయ్యుంటే పక్క రాష్ట్రానికైనా పోయేవాణ్ణి. బాస్కెట్‌బాల్ వాళ్ళు 2019లో ముప్పై ఎనిమిది ఆటల్లో ఒక్కటీ ఓడలేదు, అది కూడా కాన్సాస్ సిటీకి వచ్చేశాక పేపర్లో చదివి తెలుసుకున్నాను.

ఊళ్ళో అన్నీ ఇలాంటి గర్వపడే సంగతులే అని చెబితే అబద్ధం అవుతుంది.

సెంటర్లో ఎర్ర ఇటుకల కోర్టు భవనం ఉంది కదా, గడియారం గోపురంతో. 1880ల మొదట్లో కట్టారు. దాని చుట్టూ శుక్రవారం రాత్రి మనం తిరుగుతాం. 1931 జనవరి 12న రేమండ్ గన్ అనే నల్లజాతి యువకుణ్ణి ఒక టీచర్ హత్య కేసులో ఆ కోర్టుకి తీసుకొస్తున్నారు. షెరిఫ్ చేతుల్లోంచి గుంపు అతణ్ణి లాక్కుంది. హత్య జరిగిన బడికి నడిపించుకెళ్ళి, బడి కప్పు మీద గొలుసులతో కట్టి, భవనంతో సహా తగలబెట్టారు. వేలమంది చూశారు. పిల్లల్ని కూడా తీసుకొచ్చారు. అదే ఊళ్ళో నేషనల్ గార్డ్ దళం సిద్ధంగా ఉంది. రమ్మని షెరిఫ్ పిలవలేదు. ఒక్కరికీ శిక్ష పడలేదు. భయంతో నల్లజాతి కుటుంబాలు ఊరు వదిలి పోయాయి.

గోధుమరంగు చర్మం వేసుకుని ఆ ఊళ్ళో రెండేళ్ళు తిరిగిన నాకు ఈ కథ తెలీదు. మన గ్రూపులో ఎవరికీ తెలీదు. మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. నన్ను గుంటలోంచి లాగిన రైతు ఆ ఊరివాడే. ఈ చరిత్ర కూడా ఆ ఊరిదే. అయినా ఏమీ లేదనే అంటారా మీరు?

రెండోది స్కిడ్‌మోర్. మేరీవిల్‌కి నైరుతిగా ఇరవై నిమిషాల దూరంలో మూడు వందల మంది కూడా లేని పల్లె. కెన్ రెక్స్ మెక్‌ఎల్‌రాయ్ అనేవాడు ఆ చుట్టుపక్కల పల్లెల్ని ఏళ్ళ తరబడి హడలెత్తించాడు. దొంగతనాలు, దాడులు, బెదిరింపులు. ఇరవై ఒక్క కేసుల దాకా పెట్టారంటారు. సాక్షులు భయపడి వెనక్కి తగ్గేవాళ్ళు. చివరికి ముసలి కిరాణా వ్యాపారిని కాల్చిన కేసులో శిక్ష పడింది, కానీ అప్పీలు మీద బెయిలుతో బయట తిరుగుతున్నాడు. 1981 జులై 10 పొద్దున, ఊరి నడిరోడ్డు మీద, తన పికప్‌లో కూర్చుని ఉండగా కాల్చి చంపారు. పక్కన భార్య. చుట్టూ నలభై మంది పైనే. కాల్చిందెవరో ఎవరూ చెప్పలేదు. ఇప్పటికీ కేసు తేలలేదు.

సాక్షులు లేని హత్యలు మా పల్నాటివాళ్ళకి కొత్త కాదు. అందుకే ఆ కథని “భలే ధైర్యం చేశారు ఊరివాళ్ళు” అని చెప్పుకునేవాళ్ళతో నేను ఏకీభవించను. పోలీసూ కోర్టూ ఇరవై ఏళ్ళు పని చేయకపోతే ఊరు ఎక్కడికి చేరుతుందో మా దగ్గర చూశాను. ఆ పల్లె మీద సినిమావాళ్ళూ టీవీవాళ్ళూ చాలాసార్లు వాలారు. వాళ్ళు వెళ్ళిపోయాక అక్కడ రోడ్డు వేశారా, బడి మూసేశారా అని రాసేది మళ్ళీ స్థానిక పేపరే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. పేపరు.

మేరీవిల్ ఫోరమ్ ఒకప్పుడు దినపత్రిక, ఇప్పుడు వారానికి ఒక్కసారి. నాడవే న్యూస్ లీడర్ ఇంకొకటి, అదీ వారపత్రికే. క్యాంపస్‌లో విద్యార్థులే నడిపే నార్త్‌వెస్ట్ మిస్సోరియన్‌కి వందేళ్ళు దాటాయి. రేడియోలో 90.5 దగ్గర కేఎక్స్‌సీవీ. పది వేల మంది ఊరికి ఇది చాలా ఎక్కువ. ఈ దేశంలో ఒక్క పేపరూ లేని కౌంటీలు, అంటే మన జిల్లాల్లాంటివి, వందల్లో ఉన్నాయి. అలాంటి చోట కౌన్సిల్ ఏం చేసినా అడిగేవాడుండడు.

అడిగితే ఏమవుతుందో కూడా చెబుతాను. మన దగ్గర్నుంచి కాన్సాస్ సిటీ దాటి ఇంకా నైరుతిగా, నాలుగు గంటల పైన ప్రయాణిస్తే కాన్సాస్ రాష్ట్రంలో మేరియన్ అనే ఊరు వస్తుంది. జనం రెండు వేలు. అక్కడి వారపత్రిక మేరియన్ కౌంటీ రికార్డ్, 1869 నాటిది. ఒక హోటల్ యజమానురాలి పాత డ్రైవింగ్ కేసు గురించి ఎవరో సమాచారం పంపితే, విలేకరి దాన్ని ప్రభుత్వ వెబ్‌సైటులో సరిచూసింది. పేపరు ఆ వార్త అప్పుడు వేయనే లేదు. 2023 ఆగస్టు 11న పోలీసులు ఆఫీసు మీద పడి కంప్యూటర్లు, ఫోన్లు పట్టుకుపోయారు. సంపాదకుడు ఎరిక్ మేయర్ ఇంట్లో కూడా సోదా చేశారు. ఆయన తల్లి జోన్ మేయర్‌కి 98 ఏళ్ళు, నడక సాయంతో నిలబడి, మా ఇంట్లోంచి బయటికి పొండి అని పోలీసుల మీద అరిచింది. మర్నాడు చనిపోయింది. సోదా చేయించిన పోలీసు చీఫ్ గతం గురించి ఆ పేపరు అంతకుముందే ఆరా తీస్తోంది.

కంప్యూటర్లు లేకుండా వాళ్ళు ఆ వారం పేపరు తెచ్చారు. వారం తిరక్కముందే సోదాకి తగిన ఆధారాలు లేవని కౌంటీ అటార్నీ వస్తువులు తిరిగి ఇప్పించాడు. చీఫ్ అక్టోబరులో రాజీనామా చేశాడు. 2025 నవంబరులో కౌంటీ మూడు మిలియన్ డాలర్ల పైన పరిహారానికి ఒప్పుకుంది.   నేను ఆ పేపరుకి ఆన్‌లైన్లో చందా కట్టాను. ఆ ఊరు నేనెప్పుడూ చూడలేదు. నేను రెండేళ్ళు బతికిన ఊరి పేపరుకి మాత్రం అప్పటిదాకా ఒక్క డాలరు కట్టలేదని గుర్తొచ్చింది అప్పుడే. అదే రోజు రెండోదీ కట్టాను. మీకు ఈ ఉత్తరం రాయాలన్న ఆలోచన అక్కణ్ణుంచే మొదలైందనుకోండి.

కాబట్టి మిమ్మల్ని అడిగేది ఇదీ.

ఇంటికొక పేపరు వేయించుకోండి. ఐదుగురు రూమ్మేట్లు కలిసి కడితే నెలకి ఒక టీ ఖర్చు కూడా కాదు. ఉగాదికీ దీపావళికీ కష్టపడి డాన్సులు చేస్తారు, పులిహోర వండుతారు, డ్రోన్ వీడియో తీసి ఇన్‌స్టాలో పెడతారు. ఆ లైకులన్నీ హైదరాబాదు నుంచే వస్తాయి. పక్క వీధివాళ్ళకి ఆ రోజు ఏం జరిగిందో తెలీదు. పేపరువాళ్ళ దగ్గర సిబ్బంది ఇద్దరో ముగ్గురో ఉంటారు, అన్నిటికీ రాలేరు. ఒక మంచి ఫొటో, అందులో ఎడమ నుంచి కుడికి పేర్లు, ఉగాది పచ్చడిలో ఏమేం వేస్తారో నాలుగు వాక్యాలు రాసి పంపండి. ఇంటిపేరు ఏది, అసలు పేరు ఏది అని విడిగా రాయండి. ఆ పాఠం నాకు గుంటలో పడ్డాక తెలిసింది. పదేళ్ళుగా మన పేర్లు ఆ పేపర్లలో ఎక్కువగా కనబడేది ఎక్కడో తెలుసా? యాక్సిడెంట్ల కాలమ్‌లో, స్పీడింగ్ టికెట్లలో, ఇంకా పేర్లు లేకుండా “అంతర్జాతీయ విద్యార్థుల సంఖ్య” అన్న చోట.

సిటీ కౌన్సిల్ మీటింగుకి ఒక్కసారి వెళ్ళండి. ఐదుగురు సభ్యులు, వాళ్ళలోంచే ఒకరు మేయరు. మిస్సోరిలో 1973 నుంచి ‘సన్‌షైన్ లా’ ఉంది, మన సమాచార హక్కు చట్టానికి పెద్దన్న లాంటిది. మీటింగులు అందరికీ తెరిచే ఉండాలి. ఎవరూ మిమ్మల్ని వీసా అడగరు. వెనక కుర్చీలో కూర్చుని వినండి చాలు. మురుగు పైపు గురించి నలభై నిమిషాలు మాట్లాడుకుంటారు, నిద్ర వస్తుంది. కానీ అద్దె ఇళ్ళ సంగతి వచ్చినప్పుడు మేలుకోండి. నేనున్న బేస్‌మెంట్‌లో ఒక ఫిబ్రవరి అంతా హీటరు పనిచేయలేదు. ఓనరు పేరెందుకు, చెప్పినప్పుడల్లా “రేపు” అనేవాడు. వంటింటి స్టవ్ వెలిగించుకుని పడుకున్నాం, అది ఎంత ప్రమాదమో ఇప్పుడు తలుచుకుంటే వెన్ను జలదరిస్తుంది. డిపాజిట్ కూడా వెనక్కి రాలేదు. మేం ఎవరికి చెప్పాం? వాట్సాప్ గ్రూపుకి. ఇళ్ళ భద్రత చూసే మనిషి సిటీ హాల్లో ఉంటాడని, ఫోన్ చేస్తే వచ్చి చూస్తాడని పెద్ద ఉద్యోగంలో చేరాక తెలిసింది నాకు.

మీరు ఏమంటారో తెలుసు. “అన్నా, చదువయ్యాక పనిచేసే ఓపీటీ అనుమతి టెన్షన్, హెచ్‌వన్‌బీ లాటరీ టెన్షన్, లోను వడ్డీ టెన్షన్. మధ్యలో ఊరి సంగతులు ఎందుకు?” నిజమే. 2025 వసంతంలో దేశమంతా వేలమంది విద్యార్థుల సెవిస్ రికార్డులు, అంటే విదేశీ విద్యార్థుల గురించి ప్రభుత్వం ఉంచే వివరాలు, ఒక్కసారిగా తీసేసి, కోర్టు కేసుల తర్వాత మళ్ళీ పెట్టినప్పుడు నాకూ ఫోన్లు వచ్చాయి, ఏడుస్తూ. ఆ భయం చిన్నది కాదు. రాజకీయాల్లో దిగమని, జెండాలు పట్టుకోమని నేను చెప్పడం లేదు. అయితే మీ పేరు, మీ మొహం తెలిసినవాళ్ళు ఆ ఊళ్ళో నలుగురుండటం, ఎవరూ లేకపోవడం ఒకటేనా చెప్పండి.

ఇంకో మాట, కాస్త కటువుగా ఉంటుంది, ఏమనుకోకండి. మనం కట్టే ఫీజులు, అద్దెలు, పెట్రోలు బంకుల్లో మన చేతి కష్టం ఈ ఊరికి చాలా ముఖ్యమైపోయాయి. మొక్కజొన్న, సోయా, కవాసాకి ఇంజిన్ల ఫ్యాక్టరీ, ఆసుపత్రి, యూనివర్సిటీ, ఇవే ఈ ఊరికి ఆధారాలు. మనం తగ్గితే ఊరికి తెలుస్తుంది. మనం లెక్కలోకి వస్తున్నాం గానీ మనుషుల్లోకి రావడం లేదు. అందులో సగం తప్పు వాళ్ళదే, పదేళ్ళు పక్కనున్నా మన పేరు పలకడం నేర్చుకోనివాళ్ళు ఉన్నారు. మిగతా సగం గురించే మీకు రాస్తున్నాను.

అక్టోబరులో హోమ్‌కమింగ్ వస్తుంది, పాత విద్యార్థులు తిరిగొచ్చే పండుగ. 1915 నుంచి ‘వాకౌట్ డే’ అని క్లాసులు వదిలేసే ఆచారం ఉంది. మీరు ఆ శుక్రవారం సెలవు కదా అని చికాగో వెళ్ళిపోతారు. ఈసారి ఉండండి. మర్నాడు పరేడ్ చూడండి. మేరీవిల్ హైస్కూల్ బ్యాండ్ పచ్చ, తెలుపు బట్టల్లో వస్తుంది. ఆదివారం కారుంటే ఆగ్నేయంగా కన్‌సెప్షన్‌కి పోండి. 1873లో స్విట్జర్లాండ్ సన్యాసులు పెట్టిన మఠం ఉంది, పొలాల మధ్య రెండు గోపురాల పెద్ద చర్చి. లోపల గోడలన్నీ బొమ్మలే. నేను మొదటిసారి చూసింది ఈ ఊరు వదిలిన ఐదేళ్ళకి, మా నాన్న చూడాలని పట్టుబడితే. ఆయన ఆ రోజు నూట రెండు నది వంతెన మీద కూడా కారు ఆపించాడు. దిగి రెయిలింగ్ పట్టుకుని నీళ్ళు చూశాడు. “మన ఓగేరు వాగంత కూడా లేదురా” అన్నాడు. తర్వాత ఇంకేం అనకుండా వచ్చి కారెక్కాడు.

వాట్సాప్‌లో అడిగిన అమ్మాయికి, అమ్మా, వచ్చేటప్పుడు బూట్లు గట్టివి తెచ్చుకో, కందిపప్పు రెండు సంచుల్లో కట్టు. మేరీవిల్ హైస్కూల్ పిల్లల్ని ఊరంతా ‘స్పూఫ్‌హౌండ్స్’ అంటారు. దేశంలో ఇంకే బడికీ ఆ పేరు లేదు. అదేం జంతువో నేను చెప్పను, గ్రూపులో కూడా అడగకు. వచ్చిన మొదటి వారం, కిరాణా కొట్లో వరసలో నీ ముందు నిలబడ్డవాళ్ళని అడుగు.

మీ సీనియర్ ఒకడు,
కాన్సాస్ సిటీ